రాబోయే గ్రాఫిక్స్ కార్డులపై ఊహాగానాలు: భాషా పరిశోధకుని దృష్టితో ఒక పరిశీలన
(పశ్చిమ ప్రకాశం పరిశోధనావసరాల నేపథ్యంలో)

వ్యాససంగ్రహం

కొత్త గ్రాఫిక్స్ కార్డు విడుదలకు చాలా నెలల ముందు నుంచే దాని వేగం, ధర, పోటీల గురించి అంచనాలు ప్రచారంలోకి వస్తాయి. ఆటలాడేవారికి ఇవి కాలక్షేపం కావచ్చు. పరిమితమైన నిధితో శాసనాల చిత్రాలను చదివించడానికో, తెలుగు భాషా నమూనాలను నడపడానికో కార్డు కొనదలచిన పరిశోధకునికి, కళాశాలకు మాత్రం ఇవి నిర్ణయాన్ని మార్చివేసే విషయాలు. 2016–2025 మధ్య విడుదలైన కార్డుల చరిత్రను ఆధారం చేసుకొని, ఇటువంటి ఊహాగానాల్లో నమ్మదగిన భాగమేదో, నమ్మరాని భాగమేదో తేల్చుకునే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. పనితీరు చాలావరకు ముందుగా లెక్కకు అందుతుందనీ, ధర అందదనీ, ఆటల విపణిలోని పోటీ పరిశోధనకు యథాతథంగా వర్తించదనీ నిరూపించడం దీని ఉద్దేశ్యం.

కీలకపదాలు: గ్రాఫిక్స్ కార్డు, ఊహాగానం, మెమరీ, తెలుగు భాషా సాంకేతికత, పాఠపరిష్కరణ, పశ్చిమ ప్రకాశం.

1. ఉపోద్ఘాతం

మార్కాపురం, గిద్దలూరు, కంభం, త్రిపురాంతకం పరిసరాలు చారిత్రక ఆధారసామగ్రి విస్తారంగా ఉన్న ప్రాంతం. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడే వరకు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. త్రిపురాంతకేశ్వరాలయ శాసనాలు, మార్కాపురం చెన్నకేశవాలయం, భైరవకోన గుహాలయాలు, కంభం చెరువు చరిత్ర, గ్రామ కైఫీయతులు, నల్లమల అంచు గ్రామాల మౌఖిక సాహిత్యం – వీటిలో ప్రతిదీ నేటికీ పరిశోధనాంశమే. ఇంతటి సామగ్రిని చిత్రాలుగా, ధ్వనిముద్రణలుగా సేకరించడం చరవాణి వచ్చాక సులువైంది. సేకరించిన దానిని అక్షరరూపంలోకి మార్చి, వెతకడానికి, పోల్చడానికి వీలైన పాఠంగా నిలపడమే ఇప్పుడు మిగిలిన కష్టం.

ఈ పనికి గ్రాఫిక్స్ కార్డు గల కంప్యూటరు ఉపకరిస్తుంది. అయితే కార్డు కొనాలనుకున్న ప్రతిసారీ పరిశోధకునికి ఒకే సలహా ఎదురవుతుంది: “కొంతకాలం ఆగండి, ఇంతకంటె మంచిది, చవకైనది వస్తుంది.” ఈ సలహా కొన్నిసార్లు నిజమైంది, కొన్నిసార్లు పూర్తిగా తప్పింది. పరిశోధన గడువు, మార్చి 31తో ముగిసే ఆర్థిక సంవత్సరపు నిధి ఆగవు గనుక ఆ సలహాను పరీక్షించకుండా పాటించడం నష్టదాయకం. దానిని పరీక్షించే ప్రమాణాలేవో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. భాషా పరిశోధనకు గ్రాఫిక్స్ కార్డుతో సంబంధం

తెరపై బొమ్మను గీయడానికి లక్షలాది బిందువుల రంగును ఏకకాలంలో లెక్కించాలి. ఈ లెక్కలు ఒక్కొక్కటి చిన్నవే, వాటి సంఖ్యే అపారం. ఇటువంటి లెక్కలను సమాంతరంగా చేసే ఉపకరణమే గ్రాఫిక్స్ కార్డు. 1999లో ఎన్విడియా సంస్థ జీఫోర్స్ 256ను విడుదల చేసి, దానిని ప్రపంచంలోని తొలి ‘జీపీయూ’గా ప్రచారం చేసింది. 2006లో అదే సంస్థ కూడా అనే సాఫ్ట్‌వేర్ వేదికను ప్రకటించడంతో బొమ్మలతో సంబంధం లేని గణితానికి కూడా ఈ కార్డులను వాడుకునే మార్గం సుగమమైంది. 2012లో చిత్రాలను గుర్తించే పోటీలో గెలిచిన అలెక్స్‌నెట్ నమూనాకు 3 జీబీ మెమరీ గల రెండు జీటీఎక్స్ 580 కార్డులపై శిక్షణ ఇచ్చారు. ఆటల కోసం అమ్ముడైన కార్డు పరిశోధనా పరికరమైన చరిత్రలో ఇది ముఖ్యమైన మలుపు.

భాషా పరిశోధకుడు గమనించవలసిన అంశం కార్డు వేగం కంటె ముందుగా దాని మెమరీ. ఒక భాషా నమూనాలో 700 కోట్ల పరామితులు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్క పరామితిని 16 బిట్లలో, అంటే 2 బైట్లలో ఉంచితే నమూనాకే 14 జీబీ కావాలి. 12 జీబీ కార్డు ఎంత వేగవంతమైనదైనా అది అందులో పట్టదు. అదే నమూనాను 4 బిట్లకు కుదిస్తే సుమారు 3.5 జీబీ సరిపోతుంది, నాణ్యత కొంత తగ్గుతుంది. నమూనా అంతటికీ సాధారణ పద్ధతిలో శిక్షణ ఇవ్వాలంటే పరామితికి సుమారు 16 బైట్ల చొప్పున 112 జీబీ అవసరమవుతుంది. అది ఇంట్లో వాడే ఏ ఒక్క కార్డుకూ సాధ్యం కాదు. కుదించిన నమూనాకు చిన్న అదనపు భాగాన్ని జోడించి దానికి మాత్రమే శిక్షణ ఇచ్చే పద్ధతిని అనుసరిస్తే 16 జీబీ కార్డుపై కూడా పని నడుస్తుంది.

తెలుగు విషయంలో మరొక భారం ఉంది. యూనికోడ్ పాఠాన్ని నిల్వచేసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికీ 3 బైట్లు పడతాయి. ‘తెలుగు’ అనే మాటలో మూడు హల్లులు, మూడు అచ్చు గుర్తులు కలిపి ఆరు సంకేతాలున్నాయి గనుక దానికి 18 బైట్లు కావాలి. అదే మాటను రోమన్ లిపిలో రాస్తే ఆరు బైట్లే. తెలుగును దృష్టిలో ఉంచుకోకుండా తయారైన నమూనాలు తెలుగు మాటలను మరీ చిన్న ముక్కలుగా విడగొడతాయి. ముక్కలు పెరిగిన కొద్దీ, చదివిన పాఠాన్ని గుర్తుంచుకోవడానికి నమూనా వాడే మెమరీ పెరుగుతుంది. అందువల్ల ఆంగ్ల పాఠాలతో పరీక్షించి “ఈ కార్డు చాలు” అని చెప్పిన మాట తెలుగు పరిశోధకునికి చాలకపోవచ్చు.

3. ఊహాగానాలు – సాక్ష్య విమర్శ

ప్రచారంలో ఉన్న వదంతులను విలువకట్టడానికి తెలుగు పరిశోధకులకు బాగా తెలిసిన పద్ధతి ఒకటుంది. అది పాఠపరిష్కరణ. ఒక కావ్యానికి పది తాళపత్ర ప్రతులు దొరికినప్పుడు, వాటిలో తొమ్మిది ఒకే మాతృక నుంచి పుట్టినవైతే ఆ తొమ్మిదీ కలిసి ఒక్క సాక్ష్యమే అవుతాయి. పరిష్కర్త ప్రతుల సంఖ్యను లెక్కపెట్టడు, వాటి పుట్టుకను వెతుకుతాడు. గ్రాఫిక్స్ కార్డుల వార్తలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఒకే వ్యక్తి వెల్లడించిన సమాచారాన్ని యాభై వార్తాస్థలాలు తిరగరాస్తే అది యాభై ఆధారాలు కాదు. మూలం ఎక్కడుందో, ఆ మూలానికి విషయం తెలిసే అవకాశం ఏమిటో చూడడం మొదటి మెట్టు.

మూలాలను బలాన్ని బట్టి నాలుగు తరగతులుగా విభజించవచ్చు.

అ) తయారీదారు అధికారికంగా ప్రకటించిన వివరాలు: మెమరీ పరిమాణం, విద్యుత్ వినియోగం, గణన భాగాల సంఖ్య వంటివి. ఇవి ప్రామాణికాలు.

ఆ) ఇప్పటికే విపణిలో ఉన్న విడిభాగాల నుంచి చేసే అనుమానాలు: కొత్త మెమరీ చిప్పు ఉత్పత్తిలోకి వచ్చినట్లయితే అది రాబోయే కార్డుల్లో ఉంటుందన్న అనుమానం వంటివి. ఇవి తర్కబద్ధమైనవి, కానీ కాలాన్ని చెప్పలేవు.

ఇ) రవాణా పత్రాలు, అమ్మకందారుల జాబితాలు, ముందుగా వెల్లడైన పరీక్షా ఫలితాలు: వీటిలో కొన్ని నిజమైనవి, కొన్ని తాత్కాలిక పేర్లతో పెట్టినవి.

ఈ) పేరు చెప్పని వ్యక్తుల మాటలు: ధరల గురించిన వదంతులు అధికంగా ఈ తరగతికి చెందినవే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆర్‌టీఎక్స్ 50 శ్రేణిలో ‘సూపర్’ పేరుతో 24 జీబీ మెమరీ గల కార్డులు వస్తాయని 2025లో విరివిగా ప్రచారమైంది. ఆ వార్తకు ఆధారం 3 జీబీ సామర్థ్యం గల కొత్త జీడీడీఆర్7 మెమరీ చిప్పులు. అంతకుముందు చిప్పులు 2 జీబీవి గనుక ఎనిమిది చిప్పులతో 16 జీబీ అయ్యేది. కొత్తవి వాడితే అవే ఎనిమిదితో 24 జీబీ అవుతుంది. ల్యాప్‌టాప్‌లకు చేసిన ఆర్‌టీఎక్స్ 5090లో 24 జీబీ, వృత్తి నిపుణుల ఆర్‌టీఎక్స్ ప్రో 6000లో 96 జీబీ ఈ చిప్పులతోనే సాధ్యమయ్యాయి. కనుక ‘అటువంటి కార్డు చేయడం సాధ్యమే’ అన్న భాగం రెండవ తరగతికి చెందిన బలమైన అనుమానం. ‘ఫలానా నెలలో, ఫలానా ధరకు వస్తుంది’ అన్న భాగం నాలుగవ తరగతిది. రెండూ ఒకే వాక్యంలో కలిసి వచ్చినందువల్ల మొదటిదానికున్న బలం రెండవదానికీ ఉన్నట్లు పాఠకునికి తోస్తుంది. వదంతిని ఇలా ముక్కలుగా విడదీసి ఒక్కొక్క ముక్కకు వేర్వేరుగా విలువకట్టడం రెండవ మెట్టు.

4. పనితీరు: లెక్కకు అందే అంశం

కార్డు పనితీరును నిర్ణయించేవి ప్రధానంగా నాలుగు: చిప్పు తయారీ సాంకేతికత, చిప్పు వైశాల్యం, విద్యుత్తు, మెమరీ వేగం. ఈ నాలుగింటికీ భౌతికమైన హద్దులున్నాయి. అందువల్లనే పనితీరు అంచనాలు తరచుగా నిజానికి దగ్గరగా ఉంటాయి.

2022 అక్టోబరులో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090లో 16,384 గణన భాగాలున్నాయి, దాని విద్యుత్ పరిమితి 450 వాట్లు. 2025 జనవరిలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5090లో 21,760 గణన భాగాలు, 575 వాట్లు. రెండూ తైవాన్‌కు చెందిన టీఎస్ఎంసీ వద్ద 4ఎన్ తరగతి ప్రక్రియలోనే తయారయ్యాయి. ప్రక్రియ మారలేదు గనుక వేగం పెరగాలంటే వైశాల్యం, విద్యుత్తు పెరగక తప్పదు. గణన భాగాలు సుమారు 33 శాతం, విద్యుత్తు సుమారు 28 శాతం పెరిగాయి. ఆటల్లో స్వతంత్ర పరీక్షకులు చూసిన పెరుగుదల కూడా అధిక రిజల్యూషన్‌లో దాదాపు 30 శాతం దరిదాపుల్లోనే ఉంది. ఈ ఫలితం ప్రకటిత వివరాలు తెలిసిన నాడే ఊహించదగినది.

దీనికి భిన్నంగా, అదే సందర్భంలో 549 డాలర్ల ఆర్‌టీఎక్స్ 5070 పాత 4090 పనితీరును అందిస్తుందని సంస్థ వేదికపై చెప్పింది. నిజంగా గీసిన చిత్రాల మధ్య కృత్రిమ మేధతో అదనపు చిత్రాలను పుట్టించే పద్ధతిని కలుపుకొని చెప్పిన పోలిక అది. ఆటలో ఆ చిత్రాలు కదలికను నునుపుగా చూపిస్తాయి. శాసనాక్షరాలను గుర్తించే పనిలో వాటికి పాత్ర లేదు. పైగా 5070లో ఉన్న మెమరీ 12 జీబీ, 4090లో 24 జీబీ. పైన చూసిన 14 జీబీ నమూనా రెండవదానిలో పడుతుంది, మొదటిదానిలో పట్టదు. ‘పనితీరు’ అన్న మాట ఏ పనికి సంబంధించినదో అడగకుండా పోలికను స్వీకరించరాదని ఇది తెలుపుతోంది.

ఒకే చిప్పు నుంచి రకరకాల ధరల కార్డులు ఎలా పుడతాయో మార్కాపురం వారికి పలకల పనితో పోల్చి చెప్పవచ్చు. గని నుంచి తీసిన రాతిని పొరలుగా చీల్చినప్పుడు పగులు లేని పెద్ద పలక అరుదుగా దొరుకుతుంది. పగులున్న దానిని పారవేయకుండా, పగులు మేరకు కోసివేసి చిన్న పలకగా మలిస్తే దానికీ ధర వస్తుంది. సిలికాన్ విషయమూ ఇంతే. 300 మిల్లీమీటర్ల వ్యాసం గల సిలికాన్ బిళ్లపై సుమారు 750 చదరపు మిల్లీమీటర్ల చిప్పులు రేఖాగణితం ప్రకారం 70 దాకా మాత్రమే పడతాయి. ఆర్‌టీఎక్స్ 5090లోని చిప్పు వైశాల్యం అంతే. చిప్పు పెద్దదైన కొద్దీ అందులో ఎక్కడో ఒక లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. లోపమున్న భాగాన్ని పనిచేయకుండా మూసివేసి మిగిలినదానిని అమ్ముతారు. ఈ చిప్పులో పూర్తిగా 24,576 గణన భాగాలుంటే 5090లో పనిచేసేవి 21,760 మాత్రమే. ‘పూర్తి చిప్పుతో మరొక కార్డు వస్తుంది’ అన్న వదంతి ప్రతి తరంలోనూ పుట్టడానికి కారణం ఈ మిగులే. అటువంటి పూర్తి లేదా దాదాపు పూర్తి చిప్పులు తరచుగా ఎక్కువ ధర చెల్లించే వృత్తి నిపుణుల కార్డులకు వెళతాయి. పగులు లేని పెద్ద పలక ఎక్కువ ధర ఇచ్చే చోటికే చేరడం వంటిదే ఇది.

5. ధర: అంచనాకు లొంగని అంశం

పనితీరుకు భౌతిక నియమాలు హద్దు గీస్తాయి. ధరకు అటువంటి హద్దు లేదు. అది ప్రకటన వేదిక ఎక్కే గంట వరకు, కొన్నిసార్లు ఆ తరువాత కూడా మారగలదు. మూడు సందర్భాలు దీనికి నిదర్శనాలు.

మొదటిది: 2019 జూన్‌లో ఏఎండీ తన ఆర్‌ఎక్స్ 5700 ఎక్స్‌టీ కార్డుకు 449 డాలర్ల ధర ప్రకటించింది. ఎన్విడియా ‘సూపర్’ కార్డులను ప్రకటించగానే, జూలై 7న అమ్మకాలు మొదలయ్యే లోపే దానిని 399 డాలర్లకు తగ్గించింది. అధికారిక ప్రకటనలోని ధరే నెల తిరగకుండా మారిందన్నమాట.

రెండవది: 2022 సెప్టెంబరులో ఎన్విడియా 12 జీబీ మెమరీ గల ఆర్‌టీఎక్స్ 4080ని 899 డాలర్లకు ప్రకటించింది. ఒకే పేరుతో రెండు వేర్వేరు స్థాయిల కార్డులున్నాయన్న విమర్శలు వచ్చాక అక్టోబరులో ఆ కార్డును ఉపసంహరించుకుంది. అదే కార్డు 2023 జనవరిలో ఆర్‌టీఎక్స్ 4070 టీఐ పేరుతో 799 డాలర్లకు వచ్చింది.

మూడవది దీనికి విరుద్ధమైన దిశలో జరిగింది. 2020 సెప్టెంబరులో 699 డాలర్లకు విడుదలైన ఆర్‌టీఎక్స్ 3080 తరువాతి సంవత్సరంలో బహిరంగ విపణిలో అంతకు రెట్టింపు ధర పలికింది. చిప్పుల కొరత, క్రిప్టో నాణేల తవ్వకానికి కార్డులను పోగుచేయడం ఇందుకు కారణాలు. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం తన పద్ధతిని మార్చుకోవడంతో ఆ నాణెం కోసం కార్డులతో చేసే తవ్వకం ఆగిపోయింది. 2020లో “ఆగితే తగ్గుతుంది” అన్న సలహా విన్నవారు సుమారు రెండేళ్ళు ఎదురుచూడవలసి వచ్చింది. ఆ ఆలస్యానికి కార్డు తయారీతో సంబంధం లేదు. కార్డు వెలుపలి ప్రపంచాన్ని చెప్పగలిగినవారే ధరను చెప్పగలరని దీనివల్ల తెలుస్తోంది.

ఇదే పరిస్థితి 2025 చివరిలో మరొక రూపంలో కనిపించింది. కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ వల్ల మెమరీ చిప్పుల ధరలు బాగా పెరిగాయి. 2025 డిసెంబరులో మైక్రాన్ సంస్థ సామాన్య వినియోగదారుల కోసం నడిపిన క్రూషియల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. అధిక మెమరీతో చవకైన కార్డు వస్తుందన్న వదంతిని నమ్మే ముందు ఆ మెమరీ ధర ఎటు పోతున్నదో చూడాలి.

విదేశీ ధర మన విపణిలో ఎంతవుతుందో మాత్రం లెక్కించవచ్చు. అమెరికాలో ప్రకటించే ధరలో అమ్మకపు పన్ను ఉండదు. మన దేశంలో గ్రాఫిక్స్ కార్డుపై 18 శాతం జీఎస్‌టీ ధరలో కలిసే ఉంటుంది. 2025 జనవరిలో డాలరు విలువ సుమారు 86 రూపాయలు. 549 డాలర్ల 5070కి ఆ లెక్కన 47,214 రూపాయలు, జీఎస్‌టీతో 55,713 రూపాయలు. సంస్థ మన దేశానికి ప్రకటించిన ధర 59,000 రూపాయలు. 1,999 డాలర్ల 5090కి ఇదే విధంగా లెక్కిస్తే 2,02,859 రూపాయలు, ప్రకటిత ధర 2,14,000 రూపాయలు. రెండింటిలోనూ మిగిలిన తేడా 6 శాతం లోపే. కనుక డాలరు ధరను మారకపు విలువతో గుణించి దానికి నాలుగవ వంతు కలిపితే మన ప్రారంభ ధర దాదాపుగా తెలుస్తుంది. కొరత ఉన్న రోజుల్లో దుకాణం ధర ఇంతకు మించుతుంది. ఎవరైనా ‘400 డాలర్ల కార్డు వస్తోంది’ అన్నప్పుడు డాలరుకు 86 చొప్పున దానిని 34,000గా కాక 43,000గా భావించాలి.

6. పోటీ: ఆశ, వాస్తవం

పోటీ పెరిగితే ధర తగ్గుతుందన్నది ఊహాగానాలన్నిటి వెనుక ఉన్న ఆశ. ఈ ఆశ చరిత్రలో ఒక తెలుగు ఇంజినీరు పేరు పదేపదే వినిపిస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎం.టెక్ చదివిన రాజా కోడూరి 2015లో ఏఎండీలో ఏర్పడిన రేడియాన్ టెక్నాలజీస్ విభాగానికి నాయకత్వం వహించారు. 2016 జూన్‌లో 199 డాలర్ల ప్రారంభ ధరతో వచ్చిన ఆర్‌ఎక్స్ 480 మధ్యతరగతి కొనుగోలుదారును దృష్టిలో పెట్టుకున్న కార్డు. ఆ తరువాతి ‘వేగా’పై అంచనాలు మిన్నంటాయి. 2017 జనవరి నాటి ప్రచారచిత్రంలో ఎన్విడియా రాబోయే ‘వోల్టా’పై జాలి చూపుతున్నట్లు ఒక చమత్కారం కూడా చేర్చారు. 2017 ఆగస్టులో 499 డాలర్లకు వచ్చిన ఆర్‌ఎక్స్ వేగా 64 పనితీరులో 2016 మేలో విడుదలైన జీటీఎక్స్ 1080 స్థాయిలో నిలిచింది, విద్యుత్తు మాత్రం ఎక్కువ వాడింది. జీటీఎక్స్ 1080 టీఐని అది దాటలేదు.

2017 నవంబరులో కోడూరి ఇంటెల్‌కు మారడంతో ‘మూడవ పోటీదారు’ అన్న ఆశ మొదలైంది. ఆర్క్ ఏ770 కార్డు 2022 అక్టోబరులో 329 డాలర్ల ప్రారంభ ధరతో వచ్చింది. అంటే ఆశ పుట్టిననాటి నుంచి కార్డు చేతికి రావడానికి దాదాపు ఐదేళ్ళు పట్టింది. తొలిరోజుల్లో దాని డ్రైవర్ సాఫ్ట్‌వేర్ పాత ఆటలను సరిగా నడపలేదు, క్రమంగా మెరుగుపడింది. 2023 మార్చిలో ఆయన ఇంటెల్‌ను వీడారు. 2024 డిసెంబరులో ఇంటెల్ 249 డాలర్లకు 12 జీబీ మెమరీతో ఆర్క్ బీ580ను విడుదల చేసింది. 2023లో 299 డాలర్లకు వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060లో ఉన్నది 8 జీబీ. తక్కువ ధరలో ఎక్కువ మెమరీ అన్న పోటీ ఫలితం చివరికి కనిపించింది, కాని ఊహించిన కాలంలో కాదు. 2025 మార్చిలో ఏఎండీ 16 జీబీ ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీని 599 డాలర్లకు విడుదల చేసి, అదే మెమరీ గల 749 డాలర్ల ఆర్‌టీఎక్స్ 5070 టీఐకి పోటీగా నిలిపింది. అత్యున్నత స్థాయిలో మాత్రం ఆ తరంలో అది పోటీకి దిగలేదు.

ఇక్కడ పరిశోధకుడు గుర్తించవలసిన భేదం ఒకటుంది. ఆటలలో మూడు సంస్థల కార్డులూ ఒకే ఆటను నడుపుతాయి గనుక పోటీ నేరుగా సాగుతుంది. పరిశోధన సాఫ్ట్‌వేర్ మాత్రం ఏళ్ళ తరబడి ముందుగా ఎన్విడియా కూడా వేదికపైనే తయారవుతూ వచ్చింది. ఏఎండీకి రాక్‌ఎమ్, ఇంటెల్‌కు వన్‌ఏపీఐ వేదికలున్నాయి, పరిస్థితి మెరుగుపడుతోంది. అయినా ఎవరో రాసిన అక్షర గుర్తింపు ప్రోగ్రామును దించుకొని నడపాలనుకునే తెలుగు శాఖ పరిశోధకునికి అది ఏ కార్డుపై పరీక్షించబడిందన్న ప్రశ్న ధర కంటె ముందు వస్తుంది. 150 డాలర్లు మిగిల్చిన కార్డు రెండు నెలల సాంకేతిక శ్రమను కోరితే ఆ మిగులు నిజమైన మిగులు కాదు.

7. పశ్చిమ ప్రకాశం పరిశోధకునికి అన్వయం

పై పరిశీలనను మార్కాపురం, గిద్దలూరు పరిసరాల కళాశాలల పరిస్థితికి అన్వయిస్తే కొన్ని ఆచరణీయ సూత్రాలు ఏర్పడతాయి.

అ) పనిని బట్టి మెమరీని ముందుగా నిర్ణయించాలి. ముద్రిత గ్రంథాల పుటలను అక్షర గుర్తింపుతో పాఠంగా మార్చడానికి సామాన్యమైన కార్డు చాలు. టెసరాక్ట్ వంటి సాధనం తెలుగును గుర్తిస్తుంది, అది కార్డు లేకుండా కూడా నడుస్తుంది. శాసనాల ఛాయాచిత్రాలపై సొంత నమూనాకు శిక్షణ ఇవ్వాలన్నా, ధ్వనిముద్రణలను పెద్ద ఎత్తున పాఠంగా మార్చాలన్నా 12 నుంచి 16 జీబీ అవసరం. ఈ నిర్ణయం జరిగాక మెమరీ మారని కొత్త కార్డుల వదంతులను పట్టించుకోనక్కరలేదు.

ఆ) ఎదురుచూపుకు హద్దు ఉండాలి. ఎన్విడియా ఆటల కార్డుల తరాలు 2018 సెప్టెంబరు, 2020 సెప్టెంబరు, 2022 అక్టోబరు, 2025 జనవరిలలో వచ్చాయి. వాటి మధ్య వ్యవధి 24, 25, 27 నెలలు. తరం మొదలై ఏడాది కానప్పుడు తదుపరి తరం కోసం ఆగడం అర్థరహితం. రెండేళ్ళు కావస్తున్నప్పుడు కొద్ది నెలలు ఆగడంలో అర్థముంది. నిధి ఆ సంవత్సరంతోనే మురిగిపోయేదైతే ఆ కొద్ది నెలలు కూడా ఆగరాదు.

ఇ) విద్యుత్తు, వేడి లెక్కలోకి రావాలి. 575 వాట్ల 5090కి 1,000 వాట్ల పవర్ సప్లయ్‌ని, 250 వాట్ల 5070కి 650 వాట్ల దానిని తయారీదారు సూచిస్తున్నారు. 40 డిగ్రీలు దాటే వేసవిలో, ఎయిర్ కండిషనర్ లేని గదిలో పెద్ద కార్డు గంటల తరబడి పనిచేస్తే వేడికి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. కాగితంపై ఉన్న వేగం అక్కడ దొరకదు. కార్డు ధరతో పాటు యూపీఎస్, గాలి ప్రసరణ ఖర్చు కూడా ప్రతిపాదనలో చూపాలి. మరమ్మతుకు కార్డును నగరానికి పంపవలసి వస్తుంది గనుక హామీ షరతులను కూడా ముందే చదవాలి.

ఈ) అద్దె ప్రత్యామ్నాయాన్ని పోల్చాలి. 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గం 10,372 కోట్ల రూపాయలతో ఇండియా ఏఐ మిషన్‌ను ఆమోదించింది. దాని కింద గంటకు సుమారు 65 రూపాయల రాయితీ ధరకు జీపీయూలు అందుబాటులో ఉన్నాయని ప్రభుత్వం తెలిపింది. 59,000 రూపాయలతో ఆ ధరకు 900 గంటలకు పైగా వాడుకోవచ్చు. ఏడాదికి వంద గంటల శిక్షణ మాత్రమే అవసరమయ్యే సిద్ధాంతవ్యాసానికి కొనుగోలు కంటె ఇదే మేలు. దరఖాస్తు, అనుమతి, స్థిరమైన ఇంటర్నెట్ ఇందుకు అవసరం. నేర్చుకునే దశలో గూగుల్ కొల్యాబ్‌లో ఉచితంగా దొరికే 16 జీబీ టీ4 కార్డు చాలు. ప్రతిరోజూ విద్యార్థులతో ప్రయోగశాల నడిపే కళాశాలకు మాత్రం సొంత కార్డే అనువైనది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• ఊహాగానాన్ని మొత్తంగా నమ్మడం గాని, మొత్తంగా కొట్టివేయడం గాని శాస్త్రీయం కాదు. దానిని పనితీరు, ధర, కాలం అన్న భాగాలుగా విడదీసి, పాఠపరిష్కర్త వలె మూలాన్ని వెతికి విలువకట్టాలి.

• ప్రక్రియ, వైశాల్యం, విద్యుత్తు, మెమరీ వివరాలు తెలిస్తే పనితీరు దాదాపుగా తెలుస్తుంది. వేదికలపై చేసే పోలికలు ఏ పనికి సంబంధించినవో విచారించాలి.

• ధర కొరతను, గిరాకీని, పోటీదారు ఎత్తుగడను బట్టి చివరి క్షణం వరకు మారుతుంది. వదంతిలోని ధరను కొనుగోలుకు ప్రాతిపదికగా తీసుకోరాదు.

• పోటీ వల్ల మేలు జరుగుతుంది, ఆలస్యంగా జరుగుతుంది. పరిశోధన సాఫ్ట్‌వేర్ విషయంలో అది మరింత నెమ్మదిగా చేరుతుంది.

• తెలుగు పాఠాలకు మెమరీ అవసరం ఎక్కువ గనుక, వేగం పెరిగే రేపటి కార్డు కంటె మెమరీ సరిపోయే నేటి కార్డు భాషా పరిశోధకునికి ఉపయుక్తం.

ఆలయ ప్రాంగణాల్లోని శాసనాక్షరాలు ఎండకూ వానకూ అరిగిపోతున్నాయి. మౌఖిక గాథలు తెలిసిన పెద్దలు ఒక్కొక్కరుగా కనుమరుగవుతున్నారు. వచ్చే ఏడాది కార్డు ఎంత వేగవంతమైనదైనా ఈ ఏడాది సేకరించని సామగ్రిని అది చదవలేదు. యంత్రం ఎంపికకు ఒక వారం కేటాయించి, మిగిలిన కాలాన్ని సేకరణకు వినియోగించడమే ఈ ప్రాంత పరిశోధకునికి లాభదాయకం.